తలలో వద్దన్న పూలు

నన్ను పూలు పెట్టుకోవద్దన్నారు. పూలను నీళ్ళలో పెట్టొద్దని మాత్రం ఎవరూ అనలేదు. అలాంటిది ఒకటి అనాల్సి వస్తుందని వాళ్ళకు తోచి ఉండదు.

మా ఆయన పచ్చకామెర్లతో పోయేనాటికి నాకు ఇరవై ఆరేళ్ళు. మాది వరంగల్ దగ్గర ఒక చిన్న టౌను. దినాలనాడు ముసలమ్మలు నన్ను పీట మీద కూర్చోబెట్టి, తల దువ్వి, జడ నిండా పూలు తురిమారు. చేతుల నిండా గాజులు తొడిగారు. నుదుట ఇంత బొట్టు పెట్టారు. ఆఖరుసారి చూసుకో బిడ్డా అని అద్దం చేతికిచ్చారు. తర్వాత వాళ్ళే అన్నీ తీసేశారు. పూలు లాగుతున్నప్పుడు నా వెంట్రుకలు ఒకామె వేళ్ళకు చుట్టుకుని ఊడొచ్చాయి. అందరూ నేను ఆయన కోసం ఏడుస్తున్నాననుకున్నారు. అప్పటిదాకా ఆయన కోసమే ఏడ్చాను. ఆ కాసేపు మాత్రం కోపంతో ఏడ్చాను. తీసేసేవాళ్ళు పెట్టడమెందుకు?

ఏడాది తిరగకముందే అన్న వచ్చి నన్ను మాదాపూర్ తీసుకొచ్చాడు. అన్న ఆఫీసుల్లో చెక్క గోడలు, సీలింగు పనులు చేయించేవాడు. అప్పుడప్పుడే కంప్యూటరు కంపెనీల కోసం గుండ్రటి పెద్ద భవనం ఒకటి లేచింది. దాని చుట్టూ ఇంకా బండలే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎక్కడో ఒకచోట రాళ్ళు పేల్చుతుండేవారు. వంటింట్లో గిన్నెలు గణగణమనేవి. మాదాపూర్ పాత ఊళ్ళో రెండు గదులు కిరాయికి తీసుకుని అన్న, వదినె, వాళ్ళ పసిపిల్ల, నేను ఉండేవాళ్ళం. వదినె కాన్పుకని వచ్చిన అమ్మ నా కోసం ఉండిపోయింది. నాన్న వరంగల్ ఆర్టీసీ డిపోలో మెకానిక్కు. సెలవు దొరికినప్పుడల్లా బస్సెక్కి వచ్చేవాడు.

నేను డిగ్రీ చదివాను, టైపు నేర్చుకున్నాను. అన్న చెక్కపని చేయించిన ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో రిసెప్షన్‌లో కూర్చోవడానికి మనిషి కావాలంటే నన్ను తీసుకెళ్ళాడు. మేనేజరు గోదావరి జిల్లాల మనిషి. నాలుగు ప్రశ్నలు అడిగాడు. ఒక ఉత్తరం టైపు చేయించాడు. భర్త ఏం చేస్తారని అడిగితే, లేరండి అన్నాను. ఆయన కాగితం మీదినుంచి తలెత్తి, మళ్ళీ దించుకుని, సోమవారం నుంచి రమ్మన్నాడు. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. అందుకు నేనాయనను ఇప్పటికీ గౌరవిస్తాను. తర్వాత జరిగినదాని తర్వాత కూడా.

నా బల్ల మీద ఒక పొడవాటి గాజు వాజు ఉండేది. వారం మొదట్లో పూల దుకాణం మనిషి వచ్చి, దాంట్లో కొత్త పూలు గుచ్చిపోయేవాడు. ఒక వారం రజనీగంధ, ఒక వారం గులాబీలు, ఒక్కోసారి గ్లాడియోలస్. నాలుగోరోజుకు నీళ్ళు పచ్చబడి వాసన కొట్టేవి. శుక్రవారం నాటికి ఊడ్చే ఆమె మొత్తం తీసుకెళ్ళి చెత్తలో పడేసేది. నాకంటే ముందు కూర్చున్న అమ్మాయి వాటిని ముట్టుకునేది కాదట. నేనూ మొదట్లో ముట్టుకోలేదు. ముట్టుకోకూడదని కాదు. ముట్టుకుంటే ఎవరైనా ఏమైనా అంటారేమోనని నా చేతులు వాటంతట అవే వెనక్కి వచ్చేవి. అట్లా అలవాటు చేసి పంపారు నన్ను.

ఒకరోజు పొద్దున్నే వెళ్ళేసరికి ఒక గులాబీ మెడ వాల్చేసి ఉంది. మిగతావి బాగానే ఉన్నాయి. రేకులు వాడలేదు, రంగు పోలేదు, తల మాత్రం వేలాడుతోంది. ఆఫీసులో ఇంకా ఎవరూ రాలేదు. దాన్ని తీసి కాడ చూశాను. కింది కొస నల్లగా, జిగురుగా ఉంది. నీళ్ళు తాగే నోరు మూసుకుపోయిందన్నమాట. సొరుగులోంచి బ్లేడు తీసి కాడను ఏటవాలుగా కోశాను. తలదాకా పాత పేపరు చుట్టి, బకెట్లో లోతుగా నీళ్ళు పోసి మెడదాకా నిలబెట్టాను. బాత్రూంలో చల్లగా, వెలుతురు తగలని మూల పెట్టాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక వెళ్ళి పేపరు విప్పితే తల నిలబడింది. నేనక్కడే గోడకానుకుని నవ్వుకున్నాను. ఎన్నాళ్ళకో నవ్వాను.

ఆ తర్వాత నన్నెవరూ ఆపలేకపోయారు. వచ్చినవాళ్ళు తిరగేయడానికి పెట్టిన ఇంగ్లీషు పత్రికల్లో ఇంటి చిట్కాల పేజీ ఉండేది. దాంట్లో రాసినవన్నీ చేసి చూశాను. తలనొప్పి మాత్ర పొడిచేసి వేయమన్నారు. దానివల్ల పూలకు ఒరిగిందేమీ నాకు కనబడలేదు. రాగి పైసా వేయమన్నారు. అదీ అంతే. చక్కెర వేస్తే మొగ్గలు బాగా విచ్చుకున్నాయి గానీ మర్నాటికే నీళ్ళు జారుడుగా అయ్యాయి. చిటికెడు చక్కెరతోపాటు నాలుగు చుక్కలు నిమ్మరసం పిండి, రోజూ నీళ్ళు మారిస్తే ఆ బాధ లేదు. అన్నిటికంటే ముఖ్యం వాజును లోపలిదాకా సబ్బుతో తోమడం. పాత పాచి ఉండగా ఎన్ని మంచినీళ్ళు పోసినా వృథా. నీళ్ళలో మునిగే ఆకులన్నీ తుంచేయాలి, లేకపోతే అవి కుళ్ళి పూలను చంపుతాయి. మా బోరు నీళ్ళు ఉప్పగా ఉండేవి, గాజుకు తెల్లటి చారలు కట్టేవి. అందుకని తాగడానికి తెప్పించే నీళ్ళు పోసేదాన్ని. రజనీగంధకు కింది పూలు వాడగానే గిల్లేస్తే పై మొగ్గలు విచ్చుకుంటాయి. ఏసీ గాలి నేరుగా తగలకుండా బల్ల మీద వాజును ఈ చివర నుంచి ఆ చివరకు జరిపాను. వినాయకుడి పటం ముందు పెట్టిన అరటిపళ్ళ గెల పక్కన ఉంచిన వారం పూలన్నీ తొందరగా వాలిపోయాయి. మగ్గే పళ్ళ పక్కన పూలు నిలవవని అట్లా తెలిసింది.

శుక్రవారం కూడా పూలు నిలబడే ఉండేవి. రెండురోజులు ఆఫీసు మూత. వాటిని వదిలి రావడం ఇష్టం లేక పేపర్లో చుట్టి ఇంటికి తీసుకొచ్చాను. పచ్చడి అయిపోయిన గాజు సీసా ఒకటి కడిగి, నీళ్ళు పోసి, కాడలు కోసి, కిటికీలో పెట్టాను. అమ్మ పసిపిల్లకు నూనె రాస్తూ చూసింది.

"ఏంది బిడ్డా ఇది?"

"పూలు."

"పూలని నాకు తెలుస్తలేదా? మనింట్ల ఎందుకని అడుగుతున్న. దేవునికన్న పెట్టు, లేకుంటే ఓనరమ్మకన్న ఇయ్యి. గిట్ల సీసల పెట్టుకొని సూసుకుంట కూసుంటే మంది ఏమంటరు?"

"తలల పెట్టుకుంటలేను గదా. నీళ్ళల్ల పెట్టిన. నీళ్ళకేమన్న మొగుడు సచ్చిండా?"

అమ్మ నన్ను కొట్టలేదు. కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. పిల్లను ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. తెల్లారి లేచేసరికి సీసా కడిగి బోర్లించి ఉంది. పూలు బయట తులసి మొదట్లో పడున్నాయి.

మరుసటి శుక్రవారం మళ్ళీ తెచ్చాను. మళ్ళీ పారేసింది. ఆపై వారమూ అంతే. కొట్లాట పెద్దగా ఏమీ లేదు. నేను పెట్టేదాన్ని, అమ్మ తీసేది. అన్న చూసీ చూడనట్టు అన్నం తిని లేచేవాడు. ఒకసారి అమ్మ తీస్తుండగానే ఎదురొచ్చి నిలబడి, నువ్వు పారేస్తే నేను మళ్ళ తెస్త, నీకే యాష్టకొస్తది గాని నాకు రాదు అన్నాను. అమ్మ పూలు పట్టుకుని బయటికి నడిచింది.

శ్రావణమాసంలో ఓనరమ్మ అమ్మను పేరంటానికి పిలిచింది. వాళ్ళు ఆ ఊరివాళ్ళే. ఉన్న పొలం అమ్మి, వరసగా గదులు కట్టి కిరాయికిచ్చుకున్నారు. అమ్మ పసుపు కుంకుమతో, పూలతో తిరిగొచ్చింది. వచ్చి, ఆ పూలు దేవుడి అరలో పెట్టి, వంటింట్లోకి పోయింది. నేను వదినె వైపు చూశాను. నాన్న ఉన్నాడు, అమ్మకేం తక్కువ? ఊళ్ళో ఉన్నప్పుడు అమ్మ జడలో పూలు లేని శుక్రవారం నేను చూడలేదు.

ఇన్నాళ్ళూ నాకిది తెలియలేదా అని అడిగింది వదినె. నాకట్లా అయిన దగ్గర్నుంచి అమ్మ పూలు పెట్టుకోవడం మానేసిందని, నా ముందర పెట్టుకోవడానికి మనసొప్పట్లేదందని, ఎవరికీ చెప్పవద్దందని చెప్పింది.

ఆ మాట వింటే నాకు జాలి కలగాలి. కలగలేదు. ఒళ్ళు మండింది. నా జడలోంచి తీసేసినవి చాలక ఇంకో ఆడమనిషి జడలోంచి కూడా తీసేశారా అనిపించింది. అప్పుడే వీధి చివరికెళ్ళి, బండి దగ్గర మూరెడు మల్లెలూ కనకాంబరాలూ కలిపి కట్టిన దండ తెచ్చాను. అమ్మ గడప ముందర మెట్టు మీద బియ్యం ఏరుతోంది. వెనక కూర్చుని జడ పట్టుకున్నాను.

"వద్దు బిడ్డా," అంది. కొంచెం ఆగి, "నీ చేత్తోని..." అని ఆగిపోయింది.

ఆ సగం మాటే అసలు మాట. నా ముందర పెట్టుకోకపోవడం ప్రేమే. నా చేత్తో పెట్టించుకోకపోవడం భయం. రెండూ ఒకే మనిషిలో ఉన్నాయి. నేను జడ వదల్లేదు.

"నా చేత్తోని పెడితే నాయనకేమన్న అయితదని భయమా?" అన్నాను.

అమ్మ చాట పక్కన పెట్టింది. నేను లేవలేదు. పంపు దగ్గర ఓనరమ్మ బిందె నింపుకుంటూ మా వైపే చూస్తోంది. చివరికి అమ్మ తల కాస్త వెనక్కి వంచి, పెట్టు అంది. అంతే. నేను పెట్టాను. జడ పిన్ను గట్టిగా గుచ్చాను, ఎవరు లాగినా రాకుండా.

ఓనరమ్మ బిందె చంకనెత్తుకుని వెళ్తూ మా దగ్గర ఆగి, పూలు ఎవరు పెట్టారని అడిగింది. తెలిసే అడిగింది.

"నా బిడ్డ పెట్టింది," అంది అమ్మ.

ఆ ఆదివారం నాన్న వచ్చాడు. రెండుసార్లు కూర వేయించుకుని తిని, మంచం మీద అడ్డంగా పడుకుని గురక పెట్టాడు. అమ్మ తలుపు సందులోంచి ఆయన్ను చూడటం నేను చూశాను. ఆనాటి నుంచి నా సీసాలో పూలను అమ్మ పారేయలేదు. అట్లని నీళ్ళూ మార్చలేదు. వాటి జోలికే రాలేదు. నాకది చాలు.

ఇక ఆఫీసులో జరిగింది చెప్పాలి. ఆ రోజుల్లో రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తారీఖులు తప్పు చదువుతాయని దేశాలవాళ్ళంతా పరేషాన్‌లో ఉన్నారు. ఆ పని మా ఆఫీసుకూ చాలా వచ్చింది. పై అంతస్తులో ఇంకో హాలు తీసుకున్నారు. చెక్కపనంతా మా అన్నే చేయించాడు. హాలు తెరిచేరోజున పని ఇచ్చిన కంపెనీ తరఫున బయటిదేశం వాళ్ళు వస్తున్నారని, పూజ చేసి, వాళ్ళ చేత రిబ్బను కట్ చేయించాలని అనుకున్నారు. లిఫ్టు దగ్గర పూలగుత్తులిచ్చి స్వాగతం చెప్పే పని నాకు అప్పజెప్పాడు మేనేజరు. రిసెప్షన్‌లో కూర్చునేది నేనే కదా.

ఒకరోజు ముందే గుత్తులు వచ్చేశాయి. తీరా బొంబాయిలో వాన వల్ల విమానం కదల్లేదని, అతిథులు ఎల్లుండికి గానీ రారని ఫోనొచ్చింది. ముహూర్తాల రోజులు. మళ్ళీ అన్ని పూలు దొరకడం కష్టమని దుకాణం వాళ్ళు చేతులెత్తేశారు. మేనేజరు నా వైపు చూశాడు. నేను చూసుకుంటాను సార్ అన్నాను.

రిబ్బన్లు విప్పి, మెరుపు కాగితాలు తీసేసి, ప్రతి కాడా నీళ్ళలో ముంచి అక్కడే కోశాను, గాలి లోపలికి పోకుండా. కింది ఆకులు తుంచాను. బకెట్లు తోమి, నీళ్ళు నింపి, ఆడవాళ్ళ బాత్రూంలో కిటికీ మూసి, వరసగా నిలబెట్టాను. మెడలు వాల్చినవాటికి పేపరు చుట్టాను. లోపలికొచ్చిన అమ్మాయిలంతా ముక్కులు ఎగబీలుస్తూ, బాత్రూం ఎప్పుడూ ఇట్లాగే ఉంటే బాగుండు అని నవ్వారు. మర్నాడు నీళ్ళు మార్చి మళ్ళీ కొసలు కోశాను. పూజ రోజు అందరికంటే ముందు వచ్చి గుత్తులు తిరిగి కట్టాను. ఒక్క పువ్వు కూడా తగ్గలేదు.

అతిథులింకా దారిలో ఉన్నారు. ఆఫీసు యజమాని అక్కగారు పూజ కోసం రాజమండ్రి నుంచి వచ్చారు. పెద్దావిడ. పట్టుచీర, నుదుట పెద్ద కుంకుమ బొట్టు, మెత్తటి గొంతు. నేను రిబ్బను ముడేస్తుంటే పక్కకొచ్చి నిలబడి, ఇప్పుడే కోసుకొచ్చినట్టున్నాయమ్మా అని మెచ్చుకున్నారు. గులాబీ రేకుల మీద వేలితో రాశారు. ఏ ఊరు, ఎంత చదివావు అని అడిగి, మీ ఆయన ఏం చేస్తారమ్మా అన్నారు.

"లేరండి. పోయి రెండేళ్ళవుతోంది."

ఆవిడ వేలు రేకు మీదినుంచి వెనక్కి వచ్చింది. అయ్యో అన్నారు. నిజంగానే బాధపడ్డారు, అది నాకు తెలుస్తూనే ఉంది. తర్వాత ఇంకా మెత్తగా చెప్పారు.

"ఏమీ అనుకోకమ్మా. శుభమా అని మొదలుపెడుతున్నాం. కాసేపు నువ్వు లోపల కూర్చో. పూలు ఇంకో అమ్మాయి చేత ఇప్పిద్దాం."

నన్ను తిట్టినవాళ్ళు తక్కువ. నాకు జరిగినవన్నీ ఇట్లా మెత్తగానే జరిగాయి. మెత్తగా పీట వేశారు, మెత్తగా అద్దమిచ్చారు, మెత్తగా పక్కకు జరిపారు. ఆ మెత్తదనానికి జవాబు చెప్పడం ఎవరూ నేర్పరు. అయినా చెప్పాను.

"అనుకోకుండా ఉండలేనండి. మూడ్రోజులుగా ఈ పూలు నా చేతుల్లోనే ఉన్నాయి. అప్పుడు పనికొచ్చిన చేతులు ఇప్పుడెందుకు పనికిరావు?"

ఆవిడ ఆ జవాబు ఊహించలేదు. చుట్టూ చూసి, అటుగా వెళ్తున్న ఒక ప్రోగ్రామరు అమ్మాయిని పిలిచారు. విజయవాడ పిల్ల. నాతో పెద్ద స్నేహం కూడా లేదు. ఈ గుత్తులు నువ్వు పట్టుకోమ్మా అన్నారావిడ. ఆ అమ్మాయి ఆవిడనూ, నన్నూ, నా చేతుల్లో పూలనూ చూసింది. అది ఆవిడ పనండి అని తన సీటు వైపు వెళ్ళిపోయింది.

మేనేజరు కొంచెం దూరంలో నిలబడి అంతా విన్నాడు. దగ్గరికి రాలేదు. అంతలో లిఫ్టు తలుపు తెరుచుకుంది. నేను ముందుకు నడిచి, నమస్కారం పెట్టి, ఒక్కొక్కరికీ గుత్తి ఇచ్చాను. వచ్చినవాళ్ళలో నెరిసిన జుట్టున్న ఒకామె పూలలో ముఖం పెట్టి గట్టిగా ఊపిరి పీల్చింది. థాంక్యూ అంది. లోపల పంతులుగారు మంత్రాలు మొదలుపెట్టారు. కొబ్బరికాయ రెండు చెక్కలుగా బాగానే పగిలింది. రిబ్బను తెగింది. దీపం ఆరలేదు. నేను హాల్లో ముందు వరసలో నిలబడి చూశాను. మామూలుగా అయితే వెనక నిలబడేదాన్ని.

మర్నాడు మేనేజరు లోపలికి పిలిచాడు. కూర్చోమన్నాడు. నా టైపు చాలా బాగుంటుందన్నాడు. లోపల అకౌంట్స్ గదిలో అటువంటి మనిషి అవసరం ఉందని, జీతం అదేనని, వచ్చే సోమవారం నుంచి రిసెప్షన్‌లో ఇంకో అమ్మాయి కూర్చుంటుందని చెప్పాడు. మాట్లాడుతున్నంతసేపూ పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు.

ఫోన్లు సరిగ్గా ఎత్తట్లేదా అని అడిగాను. అదేం లేదన్నాడు. వచ్చినవాళ్ళతో మర్యాదగా లేనా అన్నాను. అబ్బే అన్నాడు.

"అయితే కారణమేంటో చెప్పండి సార్. ఉన్న కారణం మీ నోటితో చెప్పండి. చెప్తే ఈరోజే లోపలికి వెళ్ళి కూర్చుంటాను."

ఆయన చెప్పలేకపోయాడు. చెడ్డవాడైతే చెప్పేవాడు. ఆ సంగతి నాకు తెలుసు, తెలిసే అడిగాను. నోరు తెరిచాడు, కిటికీలోంచి బండల వైపు చూశాడు, చివరికి సరేనమ్మా వెళ్ళండి అన్నాడు. సోమవారం నేను నా కుర్చీలోనే కూర్చున్నాను. ఆ తర్వాతి సోమవారమూ కూర్చున్నాను. ఇంకో అమ్మాయి రాలేదు.

ఇంట్లో మాత్రం అంత తేలిగ్గా పోలేదు. ఆ యజమానివే ఇంకో రెండు ఆఫీసుల చెక్కపని అన్నకు వస్తుందనుకున్నాం. అది వేరేవాళ్ళకు పోయింది. నా వల్లే పోయిందో, ఇంకెవరైనా తక్కువకు చేస్తామన్నారో నాకిప్పటికీ తెలియదు. అన్న మాత్రం నా వల్లేనన్నాడు. ఆ సాయంత్రం చెప్పులు కూడా విప్పకుండా గడపలో నిలబడి అడిగాడు.

"జర లోపల కూసుంటే అరిగిపోతుంటివా? అందరి ముందర గట్ల మాట్లాడుడేంది?"

"నీ పని పోయినందుకు నాకు బాధుంది అన్నా. లోపలికి పోనందుకు మాత్రం లేదు."

"నువ్వొక్కదానివే బతుకుతలేవు ఈ ఇంట్ల."

అది నిజమే. అన్నే నన్ను తీసుకొచ్చి నిలబెట్టాడు, ఉద్యోగం చూపించాడు. ఆయన కూలీలకు పని లేకుండా పోయిందంటే వాళ్ళ ఇళ్ళలోనూ ఇబ్బందే. అన్నీ తెలుసు. అయినా నేను తప్పు చేశానని అనలేదు. అన్నం ముందు కూర్చున్నప్పుడు అమ్మ, అదేం తప్పు చేసిందిరా, ఇచ్చిన పని చేసింది, నువ్వు గూడ అదే చేస్తవు గదా అంది. అన్న కంచంలో చెయ్యి కడుక్కుని లేచాడు. చాలాకాలం నాతో మాట్లాడలేదు. ఏదైనా చెప్పాల్సి వస్తే వదినెతో చెప్పేవాడు. చిన్న ఇల్లు. వంటింటి గడప దగ్గర ఒకరికొకరం తప్పుకుంటూ, మాట్లాడకుండా తిరగడం ఎంత కష్టమో అట్లా బతికినవాళ్ళకే తెలుస్తుంది. నేను ప్రతి శుక్రవారం పూలు తెస్తూనే ఉన్నాను. మానేస్తే అన్న ముందు ఒప్పుకున్నట్టు అవుతుందని పంతం. ఒక వారం ఆఫీసులో పూలు బాగాలేక, బస్సు దిగి సొంతంగా చామంతులు కొనుక్కుని మరీ తెచ్చాను.

తర్వాత రాయదుర్గం దిక్కు కొత్తగా లేస్తున్న కట్టడంలో అన్నకు పెద్ద పని దొరికింది. ఒకరోజు పొద్దున స్కూటర్ స్టార్టు కాక తన్నీ తన్నీ చెమటలు కారుతుంటే, నేను ఆఫీసుకు బయలుదేరుతున్నాను. జర ఆ గుడ్డ ఇటియ్యి అన్నాడు. ఇచ్చాను. ప్లగ్గు తుడిచి, ఇంకోసారి తన్నాడు, బండి లేచింది. కూసో, బస్టాపు కాడ దింపుత అన్నాడు. ఆ సాయంత్రం నుంచి మాటలు మామూలుగా కలిశాయి. జరిగిన సంగతి ఇద్దరం ఎప్పుడూ మళ్ళీ ఎత్తలేదు.

మరుసటి దసరాకు ఆయుధపూజకని యజమాని అక్కగారు మళ్ళీ వచ్చారు. నేను అక్కడే, అదే బల్ల వెనక ఉన్నాను. లేచి నమస్కారం పెట్టాను. ఆవిడ తల ఊపారు, నా ముఖం వైపు చూడలేదు. పూజ గదిలో ఇంకా సర్దుతున్నారు, అందుకని నా ఎదుటి సోఫాలో కూర్చున్నారు. ఆ వారం పూలకు నేను నీళ్ళు మార్చాల్సిన వేళ అది. మామూలుగా అయితే వచ్చినవాళ్ళ ముందు చేయను. ఆ రోజు అక్కడే, ఆవిడ ఎదురుగా, వాజు కడిగి తెచ్చి, కాడలు ఒక్కొక్కటే కోసి పెట్టాను. ఆవిడ పత్రిక చూస్తున్నారు. పేజీలు తిప్పట్లేదు.

డ్రైవరు పటానికి వేసే బంతిపూల మాల తెచ్చాడు. కారులో ఎండకు ఉన్నట్టుంది, అంచులు నలిగి వాలి ఉన్నాయి. ఆవిడ దాన్ని చూసి మొహం చిన్నబుచ్చుకున్నారు.

"తడిగుడ్డలో చుట్టి కాసేపు చల్లగా ఉంచితే తేరుకుంటుందండి," అన్నాను. "ఇవ్వండి, చేసిస్తాను."

చెయ్యి చాపాను. ఆవిడ నా చెయ్యి వైపు చూశారు. ఇస్తారేమోనని ఒక్క క్షణం నాకే అనిపించింది.

"వద్దులే అమ్మా," అన్నారు. మాలను ఒళ్ళో పెట్టుకున్నారు.

"మీ ఇష్టమండి," అన్నాను.

ఆవిడ మారలేదు. ఆవిడ మారాలని నేనక్కడ కూర్చోలేదు. నా చెయ్యి నేను నిదానంగానే వెనక్కి తీసుకున్నాను, దాచుకోలేదు. ఫోను మోగింది. ఎత్తి, ఆఫీసు పేరు చెప్పి, గుడ్ మార్నింగ్ అన్నాను.